ముందు ప్రోబ్, ఆ తర్వాతే పెట్టె: పల్లె పశువైద్యానికి పోర్టబుల్ స్కానర్ ఎంపిక

అల్ట్రాసౌండ్ స్కానర్ కొంటామని పశువైద్యుడు కబురు పెడితే, డీలర్ బల్ల మీద ముందు పెట్టేది తెరనే. ఎన్ని అంగుళాలు, టచ్ ఉందా, కలర్ డాప్లర్ (రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే సదుపాయం) ఉందా అన్న దగ్గర మాట మొదలై అక్కడే గంట గడుస్తుంది. తీగ చివర ఉండి పశువుకు ఆనించే ప్రోబ్ సంగతి మాత్రం "రెక్టల్ ప్రోబ్ (మలద్వారం గుండా పెట్టేది) కూడా ఇస్తాం సార్" అన్న ఒక్క ముక్కలో తేలిపోతుంది. నిజానికి డబ్బు పెడుతున్నది ఆ ప్రోబ్ మీద. ధ్వని పుట్టేది అందులో, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని పట్టేది అందులో. పేడలో నానేది అదే, గేదె కాలు విసిరినప్పుడు నేల మీద పడేదీ అదే. పెట్టె ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటుంది, ప్రోబ్ తీగ మాత్రం రెండో ఏడాదే తెగి కూర్చోవచ్చు. అందుకే బేరం ప్రోబ్ దగ్గర మొదలై, బ్యాటరీ, సర్వీసు దాటుకుని, ఆఖరున తెర దగ్గరికి రావాలి.

ప్రోబ్ కంటే ముందు తీయాల్సింది ఓపీ రిజిస్టర్. గత ఆరు నెలల కేసుల్లో స్కానర్ ఉంటే పనికొచ్చేవి ఎన్ని, అవి ఏ పశువులవి అని పక్కన గీతలు పెట్టుకుంటూ పోతే చాలు. కృష్ణా డెల్టాలోనో కరీంనగర్ చుట్టుపక్కలో పనిచేసేవారి లెక్కలో గ్రేడెడ్ ముర్రా గేదెలు, సంకరజాతి ఆవులదే పైచేయి అవుతుంది: చూడి పరీక్షలు, ఎదకు రాని పడ్డలు, ఎన్నిసార్లు వేయించినా కట్టక తిరిగి తిరిగి పొర్లే పశువులు. మహబూబ్‌నగర్, అనంతపురం వైపు అయితే గొర్రెల మందలు తోడవుతాయి. పట్టణంలో క్లినిక్ పెట్టుకున్నవారికి కుక్కలు, పిల్లులే ప్రధానం. ఈ మూడు పనులకూ ప్రోబ్‌లు వేరు. ఒకే ప్రోబ్‌తో అన్నీ అయిపోతాయని చెప్పేవాళ్లు అమ్మకం మీద ఉన్న శ్రద్ధ పశువు మీద పెట్టడం లేదనే అనుకోవాలి.

ఫ్రీక్వెన్సీ, లోతు: రెండూ ఒకేసారి దొరకవు

ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వివరం పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. ఇది అందరూ చెప్పే మాటే, కానీ ఎంత తగ్గుతుందో లెక్కేసి చూస్తే ఎంపిక తేలికవుతుంది. మెత్తటి కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది. 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు 0.44 మిల్లీమీటర్లు, 7.5 దగ్గర 0.2 మిల్లీమీటర్లు. అల పొడవు ఎంత తగ్గితే అంత చిన్న వస్తువు విడిగా కనబడుతుంది. ఇక నష్టం సంగతి: ధ్వని ప్రతి సెంటీమీటరుకూ, ప్రతి మెగాహెర్ట్జ్‌కూ సుమారు 0.5 డెసిబెల్ చొప్పున బలహీనపడుతుంది. 10 సెంటీమీటర్ల లోతున ఉన్నదాన్ని చూడాలంటే రానూపోనూ 20 సెంటీమీటర్ల ప్రయాణం. 3.5 దగ్గర ఆ దారిలో పోయేది 35 డెసిబెల్లు, 7.5 దగ్గర 75. మధ్యనున్న 40 డెసిబెల్ల తేడా అంటే తిరిగొచ్చే శక్తి పదివేలో వంతుకు పడిపోవడం. గెయిన్ (బొమ్మ వెలుగు పెంచే మీట) ఎంత పెంచినా అంత అడుగు నుంచి వచ్చేది బొమ్మ కాదు, తెల్లటి చుక్కల రొద.

పని పరంగా చూస్తే 7.5 మెగాహెర్ట్జ్‌తో 5-6 సెంటీమీటర్ల దాకా, 5తో 10 సెంటీమీటర్ల చుట్టుపక్కల, 3.5తో 15 నుంచి 20 సెంటీమీటర్ల దాకా నమ్మకంగా చూడవచ్చు. మలద్వారం గుండా చెయ్యి పెట్టినప్పుడు అండాశయాలు, తొలి నెలల గర్భకోశం ప్రోబ్‌కు కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. కాబట్టి గేదెకూ ఆవుకూ 5 నుంచి 7.5 మధ్య మార్చుకోగలిగిన లీనియర్ (తిన్నని ముఖమున్న) రెక్టల్ ప్రోబ్ సరైనది. నాలుగో నెల దాటాక గర్భకోశం పొట్ట అడుగుకు జారిపోతుంది. అప్పుడు దూడ మొత్తంగా కనబడదు, మాయ బొడిపెలు కనిపిస్తాయి. ఆ దశలో చెయ్యే చాలు.

గేదె దగ్గరే దీని విలువ తెలిసేది

ఆవు కంటే గేదె విషయంలో స్కానర్ ఎక్కువ పనికొస్తుంది. గేదె అండాశయం ఆవుదానికంటే చిన్నది. అందులో ఏర్పడే సీఎల్ (కార్పస్ లూటియం, అండం విడుదలయ్యాక అక్కడ ఏర్పడే గడ్డ) చాలాసార్లు పైకి ఉబ్బి తేలకుండా లోపలే ఇమిడిపోయి ఉంటుంది. ఎంత అనుభవమున్న చేతికైనా అండాశయం నున్నగా, ఖాళీగా తగులుతుంది. "అండాశయం పని చెయ్యడం లేదు" అని కార్డు మీద రాసేసిన గేదెకు ప్రోబ్ పెట్టి చూస్తే, బూడిదరంగులో గుండ్రటి సీఎల్ నిక్షేపంగా కూర్చుని ఉన్న సందర్భాలు తక్కువేం కావు. అంటే ఆ గేదె ఎదకు వస్తోంది, మూగ ఎద కావడంతో రైతు కంట పడటం లేదు, అంతే. ఈ రెంటికీ చికిత్సలు పూర్తిగా వేరు. సీఎల్ ఉంటే ప్రోస్టాగ్లాండిన్ సూదితో మూడు నాలుగు రోజుల్లో ఎదకు తేవచ్చు. లేకపోతే ఆ సూది దండగ. అన్నిటికంటే ప్రమాదం మూడో సందర్భం: గేదె అప్పటికే చూడితో ఉండి, అది తెలియక అదే సూది వేస్తే గర్భం పోతుంది. సూదికి ముందు అర నిమిషం స్కానింగ్ చేస్తే ఆ ప్రమాదం తప్పుతుంది.

అండాశయంలో నీరు నిండిన ఫాలికిల్ (అండం పెరిగే బుడగ) నల్లటి వృత్తంలా కనబడుతుంది. విడుదలకు దగ్గరపడిన ఫాలికిల్ గేదెలో 12-14 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. దాన్ని 8 మిల్లీమీటర్ల ఫాలికిల్ నుంచి వేరుచేసి కొలవగలగడమే మంచి రెక్టల్ ప్రోబ్‌కు పరీక్ష. డెమోలో గర్భం చూపించడం ఏ యంత్రానికైనా తేలిక. ఫాలికిల్ అంచు పదునుగా చూపించడమే కష్టం.

చూడి నిర్ధారణకు వస్తే, ఎద వేయించిన 30 రోజులకు గర్భకోశం కొమ్ములో నల్లటి నీటి సంచి, అందులో సెంటీమీటరు అటూఇటూగా తెల్లటి పిండం, దాని మధ్యలో గుండె టపటపలాడటం కనిపిస్తాయి. ఆ టపటప చూడకుండా "కట్టింది" అని చెప్పకూడదు. ఎద సమయంలోనూ కొమ్ముల్లో కొంచెం నీరు చేరుతుంది. చీము పట్టిన గర్భకోశంలో నీరు పూర్తి నలుపుగా ఉండక, మంచు రేణువుల్లాంటి తెల్ల చుక్కలు అందులో కదులుతుంటాయి. నిండిన మూత్రాశయం కొత్తవాళ్ల కంటికి మూడు నెలల గర్భంలా కనబడుతుంది. ఇక 30 రోజులకు గుండె కొట్టుకున్న పిండాల్లో కొన్ని 60 రోజుల లోపు పోతాయి. రెండో నెల చివర మళ్లీ ఒకసారి చూస్తామని రైతుకు మొదటి రోజే చెప్పకపోతే, ఆ తర్వాత తప్పు స్కానర్ మీదికీ డాక్టర్ మీదికీ వస్తుంది.

రైతుకు దక్కే లాభం చూడి ఉందని తెలియడంలో కంటే, లేదని త్వరగా తెలియడంలో ఉంది. చేత్తో చూసి 75వ రోజున వట్టిదని తేల్చే బదులు 30వ రోజునే తేలిస్తే, 21 రోజుల ఎద చక్రాలు రెండు మిగులుతాయి. రెండు చక్రాలంటే నలభై రెండు రోజుల మేత, దాణా.

కుదురుగా చూడాల్సిన భాగం: ప్రోబ్, దాని తీగ

లీనియర్ రెక్టల్ ప్రోబ్ బొటనవేలంత లావున, అరచేతిలో ఇమిడేలా, అంచులు నున్నగా ఉండాలి. మనుషుల స్కానింగ్ సెంటర్ నుంచి పాత యంత్రం చవగ్గా వస్తోందని తీసుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు. దాంతోపాటు వచ్చే లీనియర్ ప్రోబ్ మెడ, రొమ్ము మీద ఆనించి చూడటానికి చేసినది. పిడి ఎత్తుగా, మూలలు నిక్కబొడుచుకుని ఉంటాయి. దాన్ని గేదె పెద్దపేగులోకి తీసుకెళ్తే గోడకు గాయమవుతుంది. పైగా దాని పిడి దగ్గరి అతుకు పేడ నీళ్లకు తట్టుకునేది కాదు.

నీటి రక్షణ గురించి అడిగితే డీలర్ "వాటర్‌ప్రూఫ్" అంటాడు. ఆ మాటకు కొలత లేదు. ఐపీఎక్స్7 అని కాగితం మీద రాసి ఉండాలి. అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు పోదని అర్థం. ఈ రేటింగ్ ప్రోబ్ తలకీ, తీగలో కొంత భాగానికీ వర్తిస్తుంది. యంత్రానికి తగిలించే కనెక్టర్‌కు సాధారణంగా ఉండదు. ప్రోబ్ కడిగేటప్పుడు తీగ మొత్తాన్ని బకెట్లో వదిలేస్తే పిన్నుల్లోకి తేమ చేరి, మూడు నెలల తర్వాత బొమ్మ వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు కారణం ఎవరికీ తట్టదు.

తీగ తెగేది ఎక్కువగా ఒకే చోట: ప్రోబ్ తల నుంచి తీగ బయటికి వచ్చే మెడ దగ్గర. లోపల ధ్వనిని పుట్టించి పట్టే ఒక్కో క్రిస్టల్‌కు వెంట్రుకంత సన్నని తీగ ఒకటి ఉంటుంది. ప్రోబ్‌ను తీగ పట్టుకుని బయటికి లాగినా, తీగను మోచేతికి బిగించి చుట్టినా ఆ సన్నని తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. అప్పుడు తెర మీద పైనుంచి కిందికి సన్నని నల్ల నిలువు చార పడుతుంది. ఒక చారతో పని ఆగదు. మూడు నాలుగు పక్కపక్కనే పడితే, ఆ నీడలో పిండం ఉన్నా కనబడదు. మెడ దగ్గర రబ్బరు తొడుగు పొడవుగా, వంచితే మెల్లగా ఒంగేలా ఉన్న ప్రోబ్ ఎక్కువ కాలం నిలుస్తుంది. తీగ రెండు మీటర్లకు తగ్గకుండా ఉంటే మంచిది. పొట్టి తీగ ఉంటే గేదె ముందుకు దూకినప్పుడు పెట్టె కూడా వెంట పోతుంది.

సంఖ్యల మాయ ఒకటి ఇక్కడ గమనించాలి. ప్రోబ్‌లో 128 క్రిస్టల్స్ ఉన్నాయని కరపత్రం చెబుతుంది. కానీ యంత్రం ఒకేసారి ఎన్నిటి నుంచి సంకేతం తీసుకుంటుందో చెప్పేది ఛానెళ్ల సంఖ్య. చవక యంత్రాల్లో అది 16 దాకా దిగుతుంది. ఛానెళ్లు తగ్గితే లోతున ఉన్న చిన్న వస్తువు అంచు పక్కలకు అలుక్కుపోతుంది, గుండ్రటి ఫాలికిల్ కోడిగుడ్డులా కనబడుతుంది. కాబట్టి "ఎలిమెంట్లు (క్రిస్టల్స్) ఎన్ని" అని అడిగాక "ఛానెళ్లు ఎన్ని" అని కూడా అడగాలి. జవాబు చెప్పలేని డీలర్ దగ్గర రేపు సర్వీసు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ప్రోబ్ ముఖం మీద ఉండేది మెత్తటి రబ్బరు పొర. వాజిలైన్, కొబ్బరినూనె, లిక్విడ్ పారఫిన్ ఏది రాసినా అది కాలక్రమేణా ఉబ్బి, పొర లేస్తుంది. నీటితో చేసిన జెల్ మాత్రమే వాడాలి. రెక్టల్ పనికి లాంగ్ గ్లవ్ వేలిలోనో పల్చటి తొడుగులోనో కొంచెం జెల్ వేసి, గాలి బుడగలు లేకుండా ప్రోబ్‌ను దూర్చి వాడితే ప్రోబ్‌కు రక్షణ, ఒక పశువు నుంచి ఇంకో పశువుకు రోగం మోయకుండానూ ఉంటుంది. స్పిరిట్‌తో పదేపదే తుడవడం కూడా పొరను గట్టిపరుస్తుంది. తయారీదారు ఒప్పుకున్న మందుల జాబితా మాన్యువల్‌లో ఉంటుంది, కొనకముందే చదవాలి.

రెండో ప్రోబ్ ఎవరికి

పెద్ద పశువుల వైద్యులకు రెండో ప్రోబ్‌గా 3.5 మెగాహెర్ట్జ్ కన్వెక్స్ (వంపు ముఖమున్నది) బాగా పనికొస్తుంది. మేతతో తీగముక్క మింగిన పశువులో రెటిక్యులం (పొట్టలోని రెండో అర) కదలికను ఛాతీ కింద ఎడమవైపు, ఆరు ఏడు పక్కటెముకల మధ్య నుంచి చూడవచ్చు. మామూలుగా నిమిషానికి ఒకసారి అది రెండు దశల్లో ముడుచుకుంటుంది. ఆ కదలిక మందగించి, చుట్టూ చీము పొరలు గానీ నీరు గానీ కనిపిస్తే అనుమానం బలపడుతుంది. తీగముక్కే కనబడుతుందని మాత్రం ఆశించకూడదు, దానికి ఎక్స్‌రే కావాలి. గేదెల్లో ఎక్కువగా వచ్చే డయాఫ్రమ్ హెర్నియాలో రెటిక్యులం గుండె పక్కన ఛాతీలోకి చేరడాన్ని కూడా ఈ ప్రోబ్ పట్టిస్తుంది. గేదె తోలు మందం కాబట్టి చూసేచోట వెంట్రుకలు నున్నగా గొరగకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా పొగమంచే చూపిస్తుంది.

గొర్రెలకూ ఇదే కన్వెక్స్, లేదా 5 మెగాహెర్ట్జ్ దాకా వెళ్లేది. పొదుగు ముందు, తొడ లోపలి వెంట్రుకల్లేని చోట పెట్టి చూస్తే నిలబెట్టిన గొర్రెను అర నిమిషంలో తేల్చవచ్చు. ఒక పిల్లా రెండా అని లెక్కించడానికి 45 నుంచి 90 రోజుల మధ్య అదను. ఆ తర్వాత పిల్లలు పెరిగి తెరలో ఇమడవు. ముందురోజు రాత్రి నుంచి మేత ఆపితే పొట్టలో గాలి అడ్డం తగ్గుతుంది. కవలలున్న గొర్రెలను విడదీసి చివరి నెలన్నర దాణా పెంచడం ఈ స్కానింగ్‌కు అసలు ప్రయోజనం. ఈనే ముందు కవలల తల్లులు పడిపోయే జబ్బు తగ్గేది దానివల్లే.

కుక్కల క్లినిక్‌కు మైక్రోకన్వెక్స్, 5 నుంచి 8 మెగాహెర్ట్జ్. ముఖం చిన్నది కాబట్టి పక్కటెముకల సందులో ఇముడుతుంది. చూడి 25 రోజుల నుంచి కనబడుతుంది. పిల్లలెన్నో దీనితో చెప్పబోతే తప్పుతుంది, లెక్కకు 45 రోజులు దాటాక ఎక్స్‌రేనే నమ్మాలి. కానీ ఈనే సమయంలో పిల్లల గుండె వేగం చూడటానికి దీనికి సాటి లేదు. నిమిషానికి 200 పైన ఉండాల్సింది 180కి దిగితే ఇబ్బంది మొదలైనట్లు, 160 కిందికి పోతే ఆపరేషన్‌కు సిద్ధం కావాల్సినట్లు. దానికి ఎం-మోడ్ (కదలికను గీతగా గీసి చూపేది) ఉండాలి.

కలర్ డాప్లర్ చాలామందికి అక్కర్లేదు. ఎద వేసిన 20-21 రోజులకే సీఎల్‌లో రక్తప్రవాహం లేదని చూసి పశువు కట్టలేదని తేల్చే పద్ధతి ఆవుల్లో నడుస్తోంది. పెద్ద డెయిరీ ఫామ్ చూసేవారికి అది అక్కరకొస్తుంది. పల్లె తిరిగేవారు ఆ డబ్బు రెండో బ్యాటరీ మీద, అదనపు ప్రోబ్ తీగ మీద పెట్టుకోవడం మేలు.

పెట్టె, ఎండ, బ్యాటరీ

పోర్టబుల్ అన్న మాట కింద మూడు రకాలు అమ్ముతారు. మొదటిది ల్యాప్‌టాప్ తరహా: మైండ్రే డీపీ సిరీస్ లాంటివి. క్లినిక్‌లో బల్ల మీద హాయిగా ఉంటాయి. పాకలో వాటికి ఇంకో మనిషి చేతులు కావాలి. రెండోది భుజానికో నడుముకో తగిలించుకుని, బొమ్మను కళ్లజోడులో చూసే రకం. ఈజీ-స్కాన్ దీనికి పేరుబడింది. ఒక చెయ్యి పశువులో, ఇంకో చెయ్యి తోక పట్టుకోవడానికి, చూపు జోడులో. రోజుకు పాతిక గేదెలు చూసేవారికి ఇదే తగినది. కళ్లజోడుకు ఇంకో లాభం, ఎండ బాధ ఉండదు. మామూలు తెర పాక నీడలో బాగానే ఉంటుంది, ఆరుబయట ట్రెవిస్ (పశువును నిలబెట్టి కట్టే చట్రం) దగ్గర పదకొండు గంటలకు అద్దంలా మారి చూసేవాడి మొహమే చూపిస్తుంది. మూడోది ఫోనుకు తగిలే చేతి ప్రోబ్. బటర్‌ఫ్లై లాంటివి క్రిస్టల్స్‌కు బదులు చిప్ మీద పనిచేస్తూ ఒకే ప్రోబ్‌తో అనేక లోతులు చూపిస్తాయి, ఏటా చందా కట్టాలి. కుక్కల క్లినిక్‌లో అవి బాగా నప్పుతాయి. గేదె రెక్టల్ పనికి వాటి ఆకారమే నప్పదు. పూర్తి వైర్‌లెస్ ప్రోబ్‌ను లోపలికి తీసుకెళ్లినా, వైఫై సంకేతం పశువు ఒంట్లోని నీటిని దాటి బయటికి రావడం కష్టం. పేడ చేత్తో ఫోను తెర తాకడం మరో తలనొప్పి.

వేడి గురించి కరపత్రాల్లో చిన్న అక్షరాల్లో రాస్తారు. చాలా యంత్రాలకు పనిచేసే గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలని ఉంటుంది. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో నీడలోనే అది దాటుతుంది. కారు డిక్కీలో, బైకు పెట్టెలో ఇంకెంతో చెప్పనక్కర్లేదు. లిథియం బ్యాటరీని ఆ వేడిలో నిండుగా ఛార్జ్ చేసి ఉంచితే త్వరగా సత్తువ కోల్పోతుంది, ఎండలో వేడెక్కిన బ్యాటరీని ఇంటికి రాగానే ఛార్జింగ్‌కు పెట్టడం ఇంకా చెడ్డది. చల్లారనిచ్చి పెట్టాలి. వేసవిలో స్కానింగ్ ఉదయం పది లోపు, సాయంత్రం నాలుగు దాటాక పెట్టుకోవడం పశువుకూ యంత్రానికీ మంచిదే. బ్యాటరీ విప్పి మార్చుకునేదిగా ఉండాలి, కంపెనీకి పంపితే తప్ప తెరవని పెట్టె వద్దు. బొమ్మ దొరకగానే దాన్ని నిలిపే ఫ్రీజ్ బటన్ నొక్కే అలవాటు ఉంటే అదే బ్యాటరీ ఎక్కువ పశువులకు వస్తుంది, ప్రోబ్ ముఖమూ వేడెక్కదు.

పాకలో ఇన్వర్టర్ మీదో, పాలు పితికే మిషన్ మోటారు నడుస్తున్న లైన్ మీదో యంత్రాన్ని ప్లగ్‌లో పెట్టి వాడితే తెర మీద గీతలు, చుక్కలు ఎగురుతాయి. ప్రోబ్ పాడైందని కంగారుపడి సర్వీసుకు పంపేవారున్నారు. ప్లగ్ తీసి బ్యాటరీ మీద చూస్తే బొమ్మ శుభ్రపడుతుంది. ఎర్తింగ్ లేని చోట ఎప్పుడూ బ్యాటరీ మీదే పనిచెయ్యాలి.

డెమో రోజు

డెమోకు డీలర్ తెచ్చిన బొమ్మలు కాదు, మన పశువులు కావాలి. 30 నుంచి 35 రోజుల చూడి ఉందని ముందే తెలిసిన గేదె ఒకటి, వట్టిదని తెలిసినది ఒకటి, ఎదలో ఉన్నది ఒకటి సిద్ధంగా ఉంచాలి. డీలర్ మనిషి చేత కాకుండా కొనేవారే ప్రోబ్ పట్టాలి. ఆయన చెయ్యి తిరిగినది, దేంతోనైనా బొమ్మ తెస్తాడు. పనిలో పనిగా యంత్రాన్ని నీడలోంచి ఎండలోకి తెచ్చి చూడాలి, గ్లవ్ వేసుకున్న చేత్తో ఫ్రీజ్, డెప్త్, గెయిన్ బటన్లు నొక్కి చూడాలి.

ప్రోబ్‌లో చచ్చిన క్రిస్టల్స్ ఉన్నాయేమో అక్కడికక్కడే తేలుతుంది. జెల్ లేకుండా ప్రోబ్‌ను గాలిలో ఉంచితే, తెర పైభాగంలో అడ్డంగా సమానమైన తెల్ల పట్టీలు కనిపించాలి. వాటి మధ్య నిలువుగా నల్లటి సందు ఉంటే అక్కడ క్రిస్టల్ లేదా తీగ పోయినట్లు. ఇంకా నిక్కచ్చిగా కావాలంటే, ముఖానికి చిటికెడు జెల్ రాసి, పేపర్ క్లిప్ తీగను తిన్నగా విప్పి దాని కొనను ఒక చివర నుంచి మరో చివరకు మెల్లగా జరపాలి. క్లిప్ కింద మెరుపు గీత తెర మీద కూడా జరుగుతూ పోవాలి. ఏ చోట మాయమైతే అక్కడ లోపం. పాత యంత్రం కొనేవారు ఈ పరీక్ష చేయకుండా డబ్బు ఇవ్వకూడదు.

కొలతలు సరిచూడటానికి ఒక బకెట్ నీళ్లు, రెండు నైలాన్ దారాలు చాలు. దారాలను ఒకదాని కింద ఒకటి 10 సెంటీమీటర్ల దూరంలో కట్టి, ప్రోబ్ ముఖం నీటిలో ముంచి కొలవాలి. ఇక్కడ ఒక మెలిక. యంత్రం 1540 మీటర్ల వేగాన్ని అనుకుని లెక్క కడుతుంది, 20 డిగ్రీల నీటిలో ధ్వని వేగం సుమారు 1480 మాత్రమే. కాబట్టి 10 సెంటీమీటర్లు 10.4గా చూపిస్తే యంత్రం సరిగ్గానే ఉన్నట్లు. మన బోరు నీళ్లు 30 డిగ్రీలుంటే 10.2 దగ్గర చూపాలి. రెక్టల్ ప్రోబ్ లోతు చాలకపోతే 5 సెంటీమీటర్లతో చేసి సగం లెక్క వేసుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌లో పిండం వయసు పట్టికలు అడిగి చూడాలి. చాలా యంత్రాల్లో ఆవు, గుర్రం, గొర్రె, కుక్క ఉంటాయి, గేదె ఉండదు. ఆవు సుమారు 280 రోజులు మోస్తే గేదె 310 రోజుల దాకా మోస్తుంది. ఆవు పట్టికతో గేదె ఈనే తేదీ చెబితే నెల ముందే రైతును పాక దగ్గర పడుకోబెట్టినట్లవుతుంది. తేదీ ఎద వేసిన కార్డును బట్టే చెప్పాలి.

చట్టం, కాగితాలు

లింగ నిర్ధారణ నిషేధం కోసం 1994లో వచ్చిన పీసీపీఎన్‌డీటీ చట్టం మనుషుల గురించి చేసినదే. కానీ 2003 సవరణతో చేర్చిన 3-బి సెక్షన్, పిండం లింగాన్ని గుర్తించగల ఏ స్కానర్‌నూ ఆ చట్టం కింద నమోదు కాని వ్యక్తికి అమ్మరాదంటుంది. 3.5 మెగాహెర్ట్జ్ కన్వెక్స్ ప్రోబ్ మనిషి పొట్ట మీద కూడా పనిచేస్తుంది కాబట్టి "ఇది పశువులకే సార్" అన్న మాట మీద కొనెయ్యడం ప్రమాదం. జిల్లా అప్రోప్రియేట్ అథారిటీ (ఆ చట్టం అమలు చూసే అధికారి) కార్యాలయంలో ముందే అడిగి, వాళ్లు చెప్పింది రాతపూర్వకంగా తీసుకుని, అప్పుడే అడ్వాన్స్ ఇవ్వాలి. అమ్మేవారు కూడా కొన్నవారి జాబితాను మూడు నెలలకోసారి ప్రభుత్వానికి పంపాలి, కొనేవారి నుంచి అఫిడవిట్ తీసుకోవాలి. అవేమీ అడగకుండా యంత్రం చేతిలో పెట్టే అమ్మకందారును చూసి సంతోషించకూడదు, అనుమానించాలి. 2020 ఫిబ్రవరి 11 నోటిఫికేషన్‌తో పశువులకు వాడే పరికరాలు కూడా వైద్య పరికరాల నిర్వచనంలోకి వచ్చాయి. కాబట్టి దిగుమతి యంత్రానికి లైసెన్సు నంబరు అడగడం కొనేవారి హక్కు. బిల్లులో యంత్రం నంబరు, ప్రతి ప్రోబ్ నంబరు విడివిడిగా ఉండాలి. యంత్రం చేతులు మారినా, ఊరు మారినా ఆ కాగితాలే కాపాడతాయి.

వారంటీ పత్రంలో ప్రోబ్‌కు ఎన్ని నెలలో వేరుగా చూడాలి. పెట్టెకు రెండేళ్లు, ప్రోబ్‌కు ఆరు నెలలు అన్నవి మామూలుగా కనిపించే షరతులు. నలిగి తెగిన తీగ వారంటీలోకి వస్తుందా, మరమ్మతుకు పంపితే బదులు ప్రోబ్ ఇస్తారా, సర్వీసు ఇంజినీరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నాడా లేక ప్రతిసారీ ఢిల్లీకి పార్శిల్ చెయ్యాలా అన్నవి రాయించుకోవాలి. ప్రోబ్ నెల రోజులు సర్వీసులో ఉంటే ఆ నెల యంత్రం ఇనప్పెట్టె.

ఖర్చు లెక్క ఇలా వేసుకోవచ్చు. ఉదాహరణకు యంత్రం, రెక్టల్ ప్రోబ్ కలిపి 4 లక్షలు అనుకుందాం. ఐదేళ్లలో ఒకసారి ప్రోబ్ మరమ్మతుకు 80 వేలు, బ్యాటరీలకు 30 వేలు. మొత్తం 5 లక్షల 10 వేలు. నెలకు 20 రోజులు, రోజుకు ఐదు పశువుల చొప్పున ఐదేళ్లలో 6 వేల స్కాన్లు అవుతాయి, ఒక్కోటికి 85 రూపాయలు పడుతుంది. రోజుకు ఒక్కటే అయితే 425 రూపాయలు. రిజిస్టర్‌లో పెట్టిన గీతలు అందుకే.

యంత్రం వచ్చిన మొదటి నెల పశువుల మీద కంటే కబేళా నుంచి తెచ్చిన గర్భకోశాల మీద చేతికి అలవాటు చేసుకోవడం త్వరగా ఫలిస్తుంది. టబ్బులో నీళ్లు పోసి, గర్భకోశాన్ని మునిగేలా పెట్టి, ప్రోబ్ తిప్పుతూ అండాశయాన్ని చూసి ఫాలికిల్ ఎంతుందో రాసుకోవాలి. తర్వాత కత్తితో కోసి స్కేలు పెట్టి కొలవాలి. ఇరవై అండాశయాలయ్యేసరికి తెర మీది నలుపు తెలుపులు చేతికి తెలిసిన ఆకారాలుగా మారతాయి. పశువుల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లా భయం ఉంది కాబట్టి గ్లవ్స్ లేకుండా ఈ పని చెయ్యకూడదు.

పెట్టె తెరిచిన మొదటి రోజే చెయ్యాల్సిన పని ఇంకొకటి ఉంది. ప్రోబ్‌ను గాలిలో ఉంచి, గెయిన్, డెప్త్ ఎంతలో ఉన్నాయో రాసుకుని, ఆ తెల్ల పట్టీల బొమ్మను పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాలి. ప్రతి మూడు నెలలకూ అదే సెట్టింగుల్లో మళ్లీ తీసి పక్కన పెట్టి చూస్తే, కొత్తగా పడ్డ చార ఏదో, అది ఏ నెలలో మొదలైందో తెలిసిపోతుంది. వారంటీ ఆరో నెలలో ముగిసేదైతే, ఐదో నెల ఆఖరి వారంలో ఒకసారి తీసి చూడటం మరిచిపోకూడదు.